వాన యెరుగని తీరమున ప్రాచీన నగరములు

ఎడారి యనగానే మన మనస్సునకు తోచునది మండుటెండ, వడగాలి, దూరమున ఒంటెల బారు. ఎదుటనే మహాసముద్రము ఘోషించుచుండగా, ఎండకు మారు పొగమంచు కప్పియుండగా, ఉన్నిశాలువ కప్పుకొని నడువవలసిన ఎడారి యొకటి కలదన్నచో నమ్ముట కష్టము. దక్షిణ అమెరికా ఖండపు పడమటి అంచున, పెరూ దేశపు తీరము పొడవున, అట్టి ఎడారి రెండువేల కిలోమీటర్లకు పైగా వ్యాపించి యున్నది. ఆ సన్నని పట్టీపై దాదాపు అయిదువేల యేండ్లుగా ఒకదాని తరువాత ఒకటిగా నగరములు వెలసినవి, పాడుపడినవి. వాటిని చూచి రాదలచినవారు యాత్రను ఎట్లు కూర్చుకొనవలెనో, ఎవరిని వెంటబెట్టుకొని పోవలెనో ఇచ్చట వివరింపదలచినాము.

ఇంత దూరము మనవారెవరు పోవుదురని శంకింపనక్కరలేదు. బిడ్డలను అమెరికా సంయుక్త రాష్ట్రములకు పంపిన తెలుగు కుటుంబములు నేడు ఊరూర ఉన్నవి. వారిని చూడబోయిన తలిదండ్రులు నయాగరా జలపాతమును, న్యూయార్కు మేడలను చూచిన పిమ్మట తక్కిన నెలలు ఇంటిలో కూర్చుండి గడియలు లెక్కించుట మనము ఎరిగినదే. హ్యూస్టను, మయామి నగరముల నుండి పెరూ రాజధానియైన లీమాకు విమానము ఆరేడు గంటలలో చేరును. ఇక్కడనుండియే బయలుదేరువారు మాత్రము దారిలో విమానము మారక తప్పదు. లీమాలో గడియారమును పదిన్నర గంటలు వెనుకకు త్రిప్పుకొనవలెను. వీసా నిబంధనలు మారుచుండును గనుక టిక్కెట్టు కొనుటకు ముందే రాయబార కార్యాలయమును అడిగి తెలిసికొనుట మంచిది.

లీమా భూమధ్యరేఖకు దక్షిణముగా 12 డిగ్రీల దూరమున ఉన్నది. ఉత్తరమున అంత దూరములోనే మన మైసూరు ఉన్నది. అట్టి ఉష్ణమండలమున, అందులోను సముద్రపు టొడ్డున, వాన కురియకపోవుటేమి? కారణము ఆ సముద్రమునందే ఉన్నది. దక్షిణపు చల్లని నీరు హంబోల్ట్ ప్రవాహమను పేర తీరము వెంబడి ఉత్తరముగా పారుచుండును. గాలి పైనీటిని తీరమునకు దూరముగా నెట్టుటచే, లోతునందలి చల్లని నీరు కూడ పైకి వచ్చి దానికి తోడగును. ఆ నీటిపై వీచు గాలి అడుగున చల్లగాను, పైన వెచ్చగాను ఉండును. వంటింటి పొగ పైకి పోజాలక కప్పు క్రింద నిలిచినట్లు, ఆ చల్లని తడిగాలి పైకి లేవజాలక వెచ్చని పొర క్రిందనే ఆగిపోవును. అది పొగమంచుగా పరచుకొనునేగాని వానగా కురియదు. తూర్పునుండి వచ్చు మేఘములను ఆండీస్ పర్వతములు అడ్డగించును. మనము కరవుసీమ యని జాలిపడు అనంతపురమున ఏటికి సుమారు 55 సెంటీమీటర్ల వాన కురియును. లీమాలో రెండు సెంటీమీటర్లయినను నిండదు. ఐనను ఆ నగరమున కోటి జనము నివసించుచున్నారు. వారు త్రాగునీటికై ముఖ్యముగా ఆధారపడునది కొండలనుండి దిగివచ్చు నదులపైననే.

యాత్రకు నెలను నిర్ణయించుకొనుటకు ఈ విషయము తెలియవలెను. జూను మొదలు అక్టోబరు వరకు లీమాలో సూర్యదర్శనము దుర్లభము. అక్కడివారు గారువా యని పిలుచు సన్నని మంచుతుంపర రోడ్లను తడుపును, బట్టలను ఆరనీయదు, గొడుగు విప్పదగినంత కురియదు. డిసెంబరు మొదలు మార్చి వరకు తీరమున చక్కని ఎండ కాయును గాని, ఆ నెలలలోనే కొండలపై వానలు పడి నదులు పొంగును. కొన్ని శిథిలములకు పోవు బాటలు అప్పుడు నీట మునుగును. నాస్కా వంటి లోపలి ప్రదేశములలో ఏడాది పొడవునా ఎండయే. ఈ మూడింటిని కలిపి ఆలోచించినచో ఏప్రిలు, నవంబరు నెలలు అనుకూలమని మా అభిప్రాయము.

ఇంకొకటి కూడ విచారించుకొనవలెను. కొన్ని యేండ్లకొకసారి ఆ చల్లని సముద్రము వేడెక్కును. క్రిస్మసు పండుగ దినములలో వెచ్చని నీరు వచ్చుట గమనించిన అక్కడి బెస్తలు దానికి ఎల్ నీన్యో, అనగా బాలయేసు, అని పేరు పెట్టిరి. పేరు ముద్దైనదేగాని పని అట్టిది కాదు. చేపలు తొలగిపోవును, వాటిని తిని బ్రతుకు పక్షులు చచ్చును, ఎన్నడును తడియని ఇసుకపై కుంభవృష్టి కురియును. 1983, 1998, 2017 సంవత్సరములలో ఉత్తర పెరూలో పట్టణములు వరదల పాలైనవి. ఆ సముద్రము వేడెక్కుటకును మన పొలములు ఎండుటకును సంబంధము గలదని నేడు చిన్నపిల్లలు కూడ పాఠములలో చదువుచున్నారు. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్టు వాకరు, మన ఋతుపవనములు ఎందుకు తప్పుచున్నవో కనుగొనవలెనని ప్రపంచమంతటి వాయుపీడనపు లెక్కలను తిరుగవేయుచు ఈ చిక్కుముడి కొసను పట్టుకొనెను. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనిన 1876–78 నాటి క్షామకాలమున పసిఫిక్ సముద్రము మిక్కిలి వేడెక్కి యుండినదని పరిశోధకులు తేల్చిరి. ఐతే ప్రతి ఎల్ నీన్యో మనకు కరవు తెచ్చునని భయపడనక్కరలేదు. 1997లో అది ప్రబలముగా ఉన్నను మన దేశమున వానలు సరిగనే కురిసినవి. పెరూ యాత్రికుడు మాత్రము ఎల్ నీన్యో హెచ్చరిక ఉన్న యేడు ఉత్తరపు యాత్రను వాయిదా వేసికొనుట వివేకము.

ఏలయన అక్కడి నగరములలో పెక్కు పచ్చి యిటుకతో కట్టినవి. ఆండీస్ నుండి యాభైకి పైగా నదులు దిగి ఎడారిని అడ్డముగా కోయుచు సముద్రమున కలియుచున్నవి. ప్రతి నదికిని ఇరుప్రక్కల సన్నని పచ్చని చార. దానికి అంచు గీసినట్లుగా ఇసుక. పంట పండు నేల బంగారము వంటిది గనుక ప్రాచీనులు దానిని వదలి, ప్రక్కన ఉన్న బీటినేలపై గుడులను, కోటలను లేపిరి. మట్టికి కొదువలేదు, ఎండకు కొదువలేదు, వాన భయము లేదు. కాల్చని ఇటుక మన ఊళ్ళలో గోడకు వాడినచో దానిపై తాటాకో పెంకో కప్పి కాపాడుకొందుము. అక్కడ వేయి యేండ్లు ఆరుబయట నిలిచినది. కావున ఒక్క రాత్రి గట్టి వాన కురిసినచో ఆ గోడపై చెక్కిన చేప కరగిపోవును.

ఇక దారి. లీమాను నడుమ ఉంచుకొని శిథిలములు ఉత్తరమునకును దక్షిణమునకును చీలియున్నవి. వారము దినములే ఉన్నవారు ఒక దిక్కునే ఎన్నుకొనవలెను. రెండింటిని చూడవలెనని పరుగిడువారు బస్సు కిటికీలను తప్ప మరేమియు చూడరు. పది పండ్రెండు దినములు చిక్కినవారు దక్షిణమునకు రోడ్డు మార్గమున పోయి, లీమాకు తిరిగివచ్చి, ఉత్తరమునకు విమానమున పోవచ్చును. లీమానుండి ట్రూహియో నగరము 550 కిలోమీటర్ల పై చిలుకు. విమానమున గంటకు కొంచెము ఎక్కువ.

ఒక్క దినమే ఉన్నవారికి ఏది చూపింతురని మమ్ములను అడిగినచో కరాల్ అని చెప్పుదుము. లీమాకు ఉత్తరముగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున, సూపే నది లోయలో, ఇసుక దిబ్బలని అందరు అనుకొనినవి నిజమునకు రాతితో కట్టిన పిరమిడ్లు. రూత్ షేడీ అను పెరూ పురాతత్త్వవేత్త 1990 తరువాత అచ్చట పరిశోధన ప్రారంభించిరి. కట్టడపు పునాదులను నింపుటకు ఆనాటివారు రెల్లుతో అల్లిన వలసంచులలో రాళ్లు పోసి, సంచులతోనే పేర్చిరి. భూకంపములు మెండైన ఆ దేశమున ఈ సంచులు కట్టడము కుదుపును తట్టుకొనుటకు తోడ్పడెనని పరిశోధకులు చెప్పుదురు. పరిశోధకులకు ఆ రెల్లే సాక్ష్యమైనది. దాని కర్బనమును పరీక్షించి 2001లో ప్రకటించిన ఫలితములను బట్టి ఆ నగరము క్రీ.పూ. 2600 ప్రాంతమున వర్ధిల్లినదని తెలిసినది. అనగా మన హరప్పా, మొహెంజొదారో నగరములకు సమకాలికము. అమెరికా ఖండములలో అంత ప్రాచీనమైన నగరములు అరుదు. అచ్చట కుండ పెంకులు దొరకలేదు. కుండలు చేయుట వారింకను ఎరుగరు. సముద్రము ఇరువది కిలోమీటర్లకు పైగా దూరమున ఉన్నను చేపల ఎముకలు కుప్పలుగా దొరకినవి. లోయవారు ప్రత్తి పండించి తీరమువారికి వలలకు నూలునిచ్చి, చేపలు తెచ్చుకొనెడివారు.

రేడియో శ్రోతలకు ప్రత్యేకముగా చెప్పదగిన విశేషమొకటి ఉన్నది. కరాల్ లో ఒక రంగస్థలము ప్రక్కన 32 పిల్లనగ్రోవులు ఒక్కచోట దొరకినవి. అవి గూడబాతు ఎముకలతో చేసినవి. మన నేలపట్టునకును కొల్లేటికిని వచ్చు గూడబాతులకు అవి దాయాదులు. అన్ని వేణువులు ఒకచోట ఉన్నవన్నచో ఒక్కడు ఊదుకొనుటకు కాదు గదా. అది ఒక బృందగానమై యుండును. ఏ రాగము వాయించిరో చెప్పగలవారు లేరు.

ఈ కరాల్ కు పొరుగువారి బెడద ఉన్నది. సాగునీరు అందగల నేల గనుక పురావస్తు భూమిని ఆక్రమించుటకు కొందరు పూనుకొనిరి. 2020లో అట్టి ఆక్రమణలను అడ్డుకొనిన షేడీగారికి ప్రాణభయము కలిగించు బెదరింపులు వచ్చినవి. 2009లోనే ప్రపంచ వారసత్వ స్థలముగా యునెస్కో గుర్తించిన చోటి సంగతి యిది. ఊరిలోని యువకులు గైడులుగా జీవించుటవలన ఆ శిథిలము ఊరికి తనదియగును. అందుచే అక్కడి స్థానిక గైడు రుసుమును బేరమాడవలదని మా మనవి. సమీపమున పెన్యీకో అను మరియొక ప్రాచీన నగరమును 2025 జూలైలో సందర్శకులకు తెరచిరి. కరాల్ క్షీణించిన పిమ్మట అది వర్ధిల్లినది. రెండింటిని ఒకే దినమున చూడగోరువారు తెల్లవారకముందే లీమా విడువవలెను.

ట్రూహియో చెంత మోచే ప్రజల రెండు మట్టి గుట్టలు ఎదురెదురుగా నిలిచియున్నవి. సూర్యాలయమని పిలుచుదానికి 13 కోట్లకు పైగా పచ్చి యిటుకలు పట్టినవని అంచనా. పదునేడవ శతాబ్దమున స్పెయిను దేశస్థులు లోపల బంగారమున్నదని నదినే దానిపైకి మళ్లించి సగమునకు మించి కడిగివేసిరి. ఎదుటి చంద్రాలయములో 1991 నుండి త్రవ్వకములు సాగి రంగురంగుల కుడ్యములు బయటపడినవి. వాటిని గైడు వెంటనే చూడవలెను.

అక్కడికి కొద్ది కిలోమీటర్లలోనే చాన్ చాన్. చిమూ రాజుల రాజధాని. దాదాపు 20 చదరపు కిలోమీటర్ల మట్టి నగరము. 1470 ప్రాంతమున ఇంకాలు జయించువరకు ఆరువందల యేండ్లు నిలిచినది. ఎత్తైన ప్రహరీల నడుమ కోటలవంటి రాజప్రాసాదములు. గోడలపై చేపలు, సముద్రపక్షులు, వలకన్నుల వంటి అల్లికలు, అలలు. యునెస్కో 1986లో దీనిని వారసత్వ జాబితాలో చేర్చిన దినముననే ప్రమాదమునందున్న స్థలముల జాబితాలోను చేర్చినది. గోడలపై వేసిన పందిళ్లు చూచి కొందరు సందర్శకులు విసుగుకొందురు, ఛాయాచిత్రము చెడునని. ఆ పందిళ్లే లేనిచో ఛాయాచిత్రమునకు గోడయే మిగులదు.

దక్షిణపు దారిలో మొదటిది పచకామక్. లీమానుండి గంట ప్రయాణము. అది నగరము కంటె పుణ్యక్షేత్రము. దూరదేశముల నుండి ప్రశ్న చెప్పించుకొనుటకు జనము అచ్చటికి వచ్చెడివారు. 1533లో స్పెయిను సైనికులు గర్భగృహమును తెరచి విగ్రహమును పడద్రోసిరి. పరాకస్ ద్వీపకల్పమున శిథిలములు కంటికి అంతగా ఆనవు. అక్కడి ఘనత ఇసుక క్రింద ఉన్నది. 1920 తరువాతి సంవత్సరములలో హూలియో టెల్యో అను పండితుడు నాలుగువందలకు పైగా మృతదేహపు మూటలను అచ్చట వెలికి తీసెను. రెండువేల యేండ్లనాటి ఆ వస్త్రములపై అల్లిక రంగులు ఇంకను వెలవెలబోలేదు. మన నేతపనివారు చూడదగిన వస్త్రములవి. లీమా మ్యూజియములలో వాటికి ఒక పూట కేటాయింపవలెను.

పిమ్మట నాస్కా. లీమాకు సుమారు 450 కిలోమీటర్లు. ఇనుపవన్నె రాళ్లు పరచినట్లున్న మైదానముపై, ఆ రాళ్లను తొలగించి అడుగునందలి లేతరంగు నేలను బయటపెట్టి, ప్రాచీనులు గీతలు గీసిరి. అవి కొన్ని కిలోమీటర్ల పొడవున తిన్నగా సాగును. కొన్ని సాలీడుగా, కోతిగా, తేనెపిట్టగా రూపుకట్టును. గీత లోతు జానెడైనను ఉండదు. ఐనను పదునయిదువందల యేండ్లకు పైగా చెదరలేదు. జర్మనీనుండి వచ్చిన మరియా రైషే అను గణితశాస్త్రజ్ఞురాలు 1998లో మరణించువరకు యాభైయేండ్లు అక్కడనే ఉండి వాటిని కొలిచి, చీపురు పట్టి శుభ్రపరచి, కాపాడినది. 2024లో జపాను దేశపు యమగాత విశ్వవిద్యాలయమువారు విమానచిత్రములను కృత్రిమ మేధస్సుచే పరిశీలింపజేసి మరి 303 రూపములను కనుగొనిరి.

ఇచ్చటనే గైడు విలువ తెలియును. గీతలను కాపాడిన ఆ పొడితనమే మనిషి అడుగును కూడ కాపాడును. ఇంటిముందరి ముగ్గును త్రొక్కినచో మరునాడు మరల వేయుదుము. ఆ నేలపై బూటు జాడ తరతరములు నిలుచును. 2014 డిసెంబరులో ఒక ప్రచారకార్యమునకై కొందరు రాత్రివేళ తేనెపిట్ట బొమ్మ చెంతకు నడచి అక్షరములు పరచిరి; అక్షరములు తీసివేసిరి గాని అడుగుజాడలు తీయుట వారి చేత కాలేదు. 2018 జనవరిలో ఒక లారీ రోడ్డు దాటి మైదానముమీదికి పోయి మూడు గీతలపై చక్రముల చాళ్లు వేసినది. ఇరువదవ శతాబ్దమున వేసిన ప్రధాన రహదారియే ఒక బల్లి బొమ్మను రెండు ముక్కలు చేసినది. నేడు పరిశోధకులు సైతము అనుమతి పొంది, అడుగు భారమును పరచు వెడల్పైన ప్రత్యేక పాదరక్షలతోనే లోపలికి పోవుదురు.

కావున “దగ్గరకు తీసికొని పోయెదను” అని ఆశపెట్టు గైడును ఆ క్షణముననే వదలుకొనవలెను. పెరూలో గైడులకు ప్రభుత్వపు గుర్తింపు కార్డు ఉండును. దానిని చూపుమనుట అమర్యాద కాదు. ఇంగ్లీషు మాటలాడు గైడును ముందుగా కుదుర్చుకొననిచో స్పానిషు వివరణకు తల ఊపుచు నిలువవలసి వచ్చును. కుదుర్చుకొనునప్పుడు ఒక్క ప్రశ్న తప్పక అడుగవలెను: మేము ఎక్కడివరకు పోవచ్చును, ఎక్కడ ఆగవలెను? దీనికి తడబడక బదులు చెప్పినవాడు పని తెలిసినవాడు.

నాస్కా గీతలను చూచుటకు రెండు ఉపాయములున్నవి. రహదారి ప్రక్కన ఉన్న ఇనుప మంచెయెక్కి రెండుమూడు బొమ్మలను చూడవచ్చును. లేదా చిన్న విమానమెక్కి అరగంటలో అన్నింటిని చుట్టి రావచ్చును. విమానము ఇరువైపులకు ఒరుగుచు పోవును గనుక కడుపు త్రిప్పును. గాలి నెమ్మదిగా ఉండు ప్రొద్దుటిపూట, లఘువుగా ఫలహారము చేసి ఎక్కవలెను. ప్రమాదములు జరుగకపోలేదు, 2022 ఫిబ్రవరిలో ఒక విమానము కూలి అందున్న ఏడుగురును మరణించిరి. చౌక టిక్కెట్టు కొరకు వెదకదగిన తావు ఇది కాదు. పెద్దవయసువారికి మంచె చాలునని మా సలహా. ఊరిచెంత కాంటయోక్ వద్ద భూగర్భపు కాలువలకు శంఖమువలె చుట్లు తిరుగుచు దిగు బావులున్నవి. ప్రాచీనులు త్రవ్విన ఆ కాలువలు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. మన దిగుడుబావుల నెరిగినవారికి అవి గీతల కంటె దగ్గరగా తోచిన ఆశ్చర్యము లేదు.

భోజనము మాట. అన్నము పూటపూట దొరకును, మిరపకాయ దొరకును. చిక్కుడు గింజలకైతే ఆ నగరము పేరే పెట్టిరి. శాకాహారులు మాత్రము “మాంసము వద్దు” అని ఊరకొనరాదు. అక్కడ పెక్కురు కోడిని, చేపను మాంసమున లెక్కింపరు. రెండింటి పేర్లును చెప్పి వద్దనవలెను. కుళాయినీరు త్రాగరాదు. లీమా మంచునకు ఒక ఉన్నిబట్ట, నాస్కా ఎండకు టోపీ, రెండును ఒకే సంచిలో ఉండవలెను.

శిథిలముల చెంత కొందరు దరిచేరి, సమాధిలో దొరకినదని చెప్పుచు గుడ్డపేలికనో మట్టిబొమ్మనో రహస్యముగా చూపుదురు. అది దొంగసరుకైనచో కొనుట నేరము. పురావస్తువులను దేశము దాటించుట అక్కడి చట్టము నిషేధించినది. దొంగసరుకు కానిచో నకలు; నకలుకు అంత వెల యేల? అంగడిలో నకలనియే అమ్ము కుండలు, బొమ్మలు చక్కనివి దొరకును. వాటి రసీదును పెట్టె అడుగున గాక చేతిసంచిలో ఉంచుకొనవలెను. లీమా విమానాశ్రయమున సాంస్కృతిక శాఖవారు అడిగినచో చూపవలసి యుండును.